లాలా శ్రీరామ్: బట్టల మిల్లు నడుపుతూ కామర్స్ బడి పెట్టిన వ్యాపారి

దిల్లీలో అశోకా రోడ్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ఆంధ్రా భవన్, అక్కడి క్యాంటీన్ భోజనం. దిల్లీ యూనివర్సిటీ అడ్మిషన్ల రోజుల్లో ఆ క్యాంటీన్ వరుసలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కూడా నిలబడి కనిపిస్తారు. కామర్స్ చదవడానికి వచ్చిన పిల్లల్ని ఏ కాలేజీ కావాలని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్. 2021లో ఆ కాలేజీ మొదటి జాబితాలో బీకాం ఆనర్స్ కటాఫ్ 100 శాతం. ఇదే అశోకా రోడ్‌లో 11వ నంబరు బంగ్లా చాలా ఏళ్లు బీజేపీ కేంద్ర కార్యాలయంగా ఉండేది. ఆ పార్టీ నేత, దేశ ఆర్థిక మంత్రిగా పనిచేసిన అరుణ్ జైట్లీ చదివింది కూడా ఆ కాలేజీలోనే.

అంత పేరున్న కాలేజీ పాత దిల్లీలో ఒక బడిగా మొదలైందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. పేరులోని శ్రీరామ్ ఎవరో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అయితే ఆయన అమ్మిన సరుకు మాత్రం మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చింది. అమ్మమ్మల కాలం నుంచి తెలుగు ఇళ్లలో తిరుగుతున్న ఉషా కుట్టుమిషన్ ఆయన కంపెనీదే.

మిల్లే ఆయన పాఠశాల

లాలా శ్రీరామ్ 1884 ఏప్రిల్ 27న దిల్లీలో ఒక వ్యాపార కుటుంబంలో పుట్టారు. ఆయనకు ఐదేళ్ల వయసున్నప్పుడు, 1889లో దిల్లీ క్లాత్ అండ్ జనరల్ మిల్స్ ఏర్పాటైంది. తర్వాతి కాలంలో డీసీఎం అన్న మూడక్షరాలతో దేశమంతా తెలిసింది ఈ కంపెనీయే. కుటుంబ పెద్దలు దాని నిర్వహణలో ఉండేవారు. పాతికేళ్ల వయసులో, 1909లో శ్రీరామ్ అందులో చేరారు.

అప్పటికది పెద్ద మిల్లేమీ కాదు. దేశంలో బట్టల మిల్లులంటే బొంబాయి, అహ్మదాబాద్ పేర్లే వినిపించేవి. మొదటి ప్రపంచ యుద్ధం దాని దశ మార్చింది. సైన్యానికి గుడారాలు కావాలి. ఆ కాంట్రాక్టులు శ్రీరామ్ పట్టుకున్నారు. వచ్చిన లాభంతో కంపెనీలో తన వాటా పెంచుకున్నారు. యుద్ధం ముగిసేసరికి మిల్లు మీద ఆయన పట్టు బిగిసింది.

ఆ తర్వాత ఒక్క బట్టతో ఆగలేదు. 1930ల్లో దౌరాలాలో చక్కెర ఫ్యాక్టరీ, లయల్‌పూర్‌లో మరో బట్టల మిల్లు వచ్చాయి. 1938లో కలకత్తాలోని జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ ఆయన చేతికి వచ్చింది. ఉషా మిషన్లు చేసేది ఆ కంపెనీయే. 1940ల్లో దిల్లీలో రసాయనాల ఫ్యాక్టరీ కూడా పెట్టారు. భారత వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీకి అధ్యక్షుడయ్యారు. 1941లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1948లో పారిశ్రామిక ఆర్థిక సంస్థ ఐఎఫ్‌సీఐ ఏర్పడినప్పుడు దాని మొదటి ఛైర్మన్ ఆయనే. దేశ విభజనతో లయల్‌పూర్ మిల్లు పాకిస్తాన్‌లో ఉండిపోయింది.

1920లో కామర్స్ బడి

మిల్లు పెరుగుతున్న ఆ రోజుల్లోనే, 1920లో, శ్రీరామ్ ముందుండి నడిపిన కమర్షియల్ ఎడ్యుకేషన్ ట్రస్టు పాత దిల్లీలో ఒక కమర్షియల్ స్కూలు తెరిచింది. దిల్లీ యూనివర్సిటీ ఇంకా పుట్టనేలేదు. అది 1922లో వచ్చింది. 1926కల్లా ఈ బడి ఇంటర్మీడియట్ కాలేజీగా ఎదిగి దరియాగంజ్‌లో నడిచింది. మన లెక్కలో చెప్పాలంటే పదో తరగతి దాటి డిగ్రీకి చేరని పిల్లలకు వ్యాపార పాఠాలు చెప్పే చోటన్నమాట. డిగ్రీ తరగతులు ఆ తర్వాత వచ్చాయి.

కాలాన్ని బట్టి చూస్తే ఈ పని విలువ తెలుస్తుంది. బొంబాయిలో సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీ 1913లో వచ్చింది. హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో, కలకత్తా, అహ్మదాబాద్‌లలో ఐఐఎంలు 1961లో వచ్చాయి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం దేశంలో అందరికంటే ముందు ఎంబీఏ మొదలుపెట్టిన వాటిలో ఒకటి. అది కూడా 1950ల చివరి మాటే. మేనేజ్‌మెంట్ అన్న మాట మన కాలేజీల్లోకి రావడానికి మూడు దశాబ్దాల ముందు దిల్లీలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కామర్స్ పాఠాలు నేర్చుకుంటున్నారు.

అప్పటిదాకా వ్యాపారం నేర్చుకోవడమంటే కొట్లో కూర్చోవడమే. తండ్రి గల్లాపెట్టె దగ్గర కొడుకు, గుమాస్తా పక్కన మరో కుర్రగుమాస్తా. చిట్టా ఎలా రాయాలో, ఆవర్జాలోకి పద్దు ఎలా ఎక్కించాలో చూసి నేర్చుకోవాల్సిందే. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. కొట్టున్న ఇంట్లో పుట్టినవాడికే ఆ చదువు దొరుకుతుంది. పైగా కొట్టుకు సరిపడే లెక్క మిల్లుకు సరిపోదు. వేలమంది పనిచేసే చోట పత్తి కొనుగోలు నుంచి జీతాల దాకా, వాటాదారులకు చూపించే పద్దుల దాకా తెలిసినవాళ్లు కావాలి. అంతమంది ఏ ఒక్క కుటుంబంలోనూ ఉండరు.

బడి వల్ల మొదట గుమాస్తాలే తయారై ఉండొచ్చు. అయినా వ్యాపార జ్ఞానం ఇంటి గుట్టుగా ఉండకుండా తరగతి గదిలోకి వచ్చింది. ఫీజు కట్టి బెంచీ మీద కూర్చున్న ఎవరికైనా అందింది.

స్వాతంత్ర్యం తర్వాత ఆ కాలేజీకి శ్రీరామ్ పేరు పెట్టారు. 1950ల్లో అది దరియాగంజ్ నుంచి యూనివర్సిటీ నార్త్ క్యాంపస్‌కు మారింది. 1956లో భార్య ఫూలన్ దేవి జ్ఞాపకంగా శ్రీరామ్ ఆడపిల్లల కోసం లేడీ శ్రీరామ్ కాలేజీ పెట్టారు. పారిశ్రామిక పరిశోధన కోసం ఒక సంస్థ నెలకొల్పారు.

అశోకా రోడ్‌కు దగ్గర్లోనే ఉన్న కర్జన్ రోడ్డులో, అంటే ఇప్పటి కస్తూర్బా గాంధీ మార్గ్‌లో ఆయన నివాసం ఉండేది. 1963 జనవరి 11న కన్నుమూశారు. ఆయన జీవితాన్ని, నిర్వహణ పద్ధతిని పరిశీలిస్తూ తర్వాత ఒక పుస్తకం వచ్చింది. రాసింది డీసీఎంలో పనిచేసిన అరుణ్ జోషి. ఇంగ్లిష్ నవలా రచయితగా సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నది కూడా ఈ జోషీయే.

పాఠంలో లేని పాఠాలు

శ్రీరామ్ పోయాక జరిగిన కథ ఆయన బడి పిల్లలే కాదు, కామర్స్ చదివే ఎవరైనా తెలుసుకోవాల్సినది.

1985 డిసెంబరు 4న దిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైంది. ఒక న్యాయవాది ప్రాణాలు కోల్పోయారు. భోపాల్ దుర్ఘటన జరిగి అప్పటికి సరిగ్గా ఏడాది. ఈ ఫ్యాక్టరీ డీసీఎం కంపెనీదే. ఎం.సి.మెహతా వేసిన కేసులో 1986 డిసెంబరులో జస్టిస్ పి.ఎన్.భగవతి నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్లు తమ తప్పు లేదని, జాగ్రత్తలన్నీ తీసుకున్నామని తప్పించుకోవడానికి వీల్లేదన్నది దాని సారాంశం. నష్టం జరిగితే పరిహారం కట్టాల్సిందే. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. దేశంలో సంపూర్ణ బాధ్యత అనే న్యాయసూత్రం పుట్టింది అక్కడే.

1989లో అసలు మిల్లు మూతపడింది. పాత దిల్లీ పక్కన వందేళ్లు నడిచిన మగ్గాలు ఆగిపోయాయి. తర్వాత ఆ స్థలం రియల్ ఎస్టేట్‌గా మారింది. 1990లో గ్రూపు కుటుంబ సభ్యుల మధ్య నాలుగు ముక్కలైంది.

ఇందులో ఒక వైరుధ్యం కనిపిస్తుంది. వ్యాపార విద్యను కుటుంబం గడప దాటించిన మనిషి, తన వ్యాపారాన్ని మాత్రం కుటుంబానికే అప్పగించారు. బయటి నుంచి మేనేజర్లను తీసుకున్నా, పగ్గాలు వారసుల చేతుల్లోనే ఉన్నాయి. చివరికి వాటాలు వేసుకోవాల్సి వచ్చింది. మన తెలుగు వ్యాపార కుటుంబాల్లో ఇలాంటి కథలకు కొదవ లేదు. అందుకే ఇది దిల్లీ లాలాల గొడవ అని పక్కన పెట్టలేం.

మన ఇంటర్ గదిలో

నేడు సీబీఎస్ఈ పన్నెండో తరగతి బిజినెస్ స్టడీస్‌లో పిల్లలు ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది నియామకం, నిర్దేశం, నియంత్రణ వరుసగా చదువుతారు. ఫేయోల్ చెప్పిన 14 సూత్రాలు, టేలర్ శాస్త్రీయ నిర్వహణ బట్టీ పడతారు. పదకొండో తరగతిలో వ్యాపార సామాజిక బాధ్యతపై ఒక అధ్యాయం కూడా ఉంది. ఇవన్నీ అవసరమే. కానీ సూత్రం నంబరు గుర్తున్న పిల్లవాడికి అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చెప్పే కథ తెలియకపోతే అది పరీక్షతోనే పోతుంది. డీసీఎం ఒక్క కంపెనీ చరిత్ర చాలు. విస్తరణ ఎలా చేయాలో, భద్రతలో లోపం ఎంత ఖరీదవుతుందో, అధికార బదిలీని సకాలంలో తేల్చుకోకపోతే ఏమవుతుందో అన్నీ అందులోనే ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఇంకో రకం. ఎంపీసీ, బైపీసీల్లో ఇమడలేనివాళ్లు చేరే గ్రూపుగానే సీఈసీని ఇప్పటికీ చాలా ఇళ్లలో చూస్తారు. కాస్త లెక్కలొస్తే ఎంఈసీ, అదీ సీఏ కోసం. కార్పొరేట్ కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకుల ఫొటోల్లో కామర్స్ పిల్లల ముఖాలు వెతుక్కోవాలి. అదే కామర్స్ కోసం దిల్లీ రైలెక్కి అశోకా రోడ్‌లో దిగే పిల్లలేమో ఏటా ఉంటున్నారు. వాళ్లు వెతుక్కుంటూ వస్తున్నది వందేళ్ల కిందట ఇంటర్ వయసు పిల్లల కోసమే మొదలైన చదువును.

శ్రీరామ్ పోయి అరవై ఏళ్లు దాటింది. ఆయన కట్టిన వాటిలో మిల్లు లేదు, ఉమ్మడి గ్రూపు లేదు. ఆ బడి మాత్రం కాలేజీగా నడుస్తోంది, ఏటా కొత్త పిల్లల్ని చేర్చుకుంటోంది. అలాంటి చదువు రాజమండ్రిలోనో, కరీంనగర్‌లోనో ఇంటి దగ్గర ఇంటర్ కాలేజీలోనే గౌరవంగా దొరకాలంటే ముందు మారాల్సింది సిలబస్ కాదు. ఆ గ్రూపును మనం చూసే చూపు.