యాభై ఏళ్ల వయసులో మొదలైన మేమార్ – సినాన్ జీవితం

ఇంటర్ పరీక్షలు అయిపోయాక మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. డాక్టరా, ఇంజనీరా అని పెద్దలు అడుగుతారు. ఈ రెండూ కాదు, భవనాలు గీసే ఆర్కిటెక్టు చదువు చదువుతాను అని ఏ పిల్లవాడో, ఏ పిల్లో అంటే, నీకు బొమ్మలు వేయడమే రాదు, ఇప్పుడు మొదలుపెట్టి ఏం నేర్చుకుంటావని అడ్డు తగిలేది కూడా మనమే. ఐదేళ్ల చదువు, దానికి ముందు ఒక ప్రవేశ పరీక్ష, భయం సహజమే. అటువంటి ఇళ్లలో పిల్లలూ పెద్దలూ కూర్చుని చదువుకొనడానికి పనికివస్తుందని మిమార్ సినాన్ జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా వ్రాస్తున్నాము. మిమార్ అంటే వేరే ఏమీ కాదు, ఉర్దూలో మనం మేమార్ అంటామే, ఆ మాటే.

సినాన్ సుమారు 1490 ప్రాంతంలో, నేటి టర్కీలోని కైసేరి పట్నం దగ్గర అగిర్నాస్ అనే పల్లెలో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. ఆనాటి ఉస్మానియా ప్రభుత్వం క్రైస్తవ కుటుంబాల నుండి కుర్రవాళ్లను బలవంతంగా తీసుకుపోయి, ముస్లింలుగా మార్చి, సైన్యంలోనూ కొలువులోనూ పెట్టుకునేది. కన్నవాళ్ల నుండి బిడ్డను వేరు చేసే ఆ పద్ధతిని మేము సమర్థించడం లేదు. జరిగినది జరిగినట్లు చెప్పుకోవాలి కనుక చెప్పాము. మొదటి సలీం సుల్తాను కాలంలో సినాన్‌ను అలా తీసుకుపోయేటప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు దాటాయి. తోటివాళ్లలో చాలామంది ఆయనకంటే చిన్నవాళ్లు. అంటే అక్కడ కూడా ఆయన ఆలస్యంగా చేరిన విద్యార్థే.

ఇస్తాంబుల్‌లో ఏదో ఒక పని నేర్చుకోవాలంటే ఆయన వడ్రంగం ఎంచుకున్నారు. బాడిశ పట్టడం, ఉలి పట్టడం, కొలత తప్పకుండా కర్ర కోయడం – ఇదే ఆయన మొదటి బడి. ముసలితనంలో తన కథను మిత్రుడైన సాయీ ముస్తఫా చెలెబి అనే కవికి చెప్పి వ్రాయించినప్పుడు, గురువు దగ్గర తాను వృత్తలేఖినిలాగా ఒక కాలు కదలకుండా నిలిపి నేర్చుకున్నాననీ, తరువాత రెండో కాలులాగా దేశాలు తిరిగాననీ ఆయన చెప్పుకున్నారు. పని నేర్చిన వడ్రంగికే వచ్చే పోలిక అది.

ఆ తిరగడం సైన్యంతో జరిగింది. సులేమాన్ సుల్తాను కొలువులో జానిసరీ సైనికుడిగా 1521లో బెల్‌గ్రేడ్, 1522లో రోడ్స్ దీవి, 1526లో మొహాచ్ యుద్ధం, ఆ తరువాత ఇరాక్ దాకా పోయారు. మిగతావాళ్లు కోటను ఎలా కూల్చాలా అని చూస్తుంటే, సినాన్ అది ఎలా నిలబడిందా అని కూడా చూసేవారు. అరబ్బు దేశాలలో, ఇరాన్ వైపు కనిపించిన ప్రతి పాత కట్టడం నుండీ, పాడుపడిన గోడ నుండీ కూడా, ఏదో ఒకటి నేర్చుకున్నానని చెప్పుకున్నారు. ఫీజు లేని కాలేజీ అన్నమాట! మన పిల్లలు చార్మినార్ కిందనుండి రోజూ పోతూ ఒక్కసారి కూడా తల ఎత్తి ఆ కమానుల వంక చూడరు. ఈ మాట అంటే వాళ్లకు కోపం వస్తుంది, అయినా అంటున్నాము.

వాన్ సరస్సు దాటడానికి సైన్యానికి పడవలు కావలసి వస్తే సినాన్ మూడు ఓడలు కట్టించారు. 1538లో మాల్డావియా మీదికి పోయినప్పుడు ప్రుట్ నది అడ్డం వచ్చింది. అక్కడి నేల బురద, వేసిన వంతెనలు నిలవలేదు. సినాన్‌కు అప్పగిస్తే రెండు వారాల లోపే సైన్యం నడిచిపోయేటంత గట్టి వంతెన వేయించారు. మరుసటి సంవత్సరం, 1539లో, ఆయనను ఎరిగిన లుత్ఫీ పాషా ప్రధాన వజీరు అయ్యాడు. అప్పటికి ప్రధాన శిల్పి పదవి ఖాళీగా ఉన్నది. ఆ పదవి సినాన్‌కు దక్కింది.

అప్పటికి ఆయనకు దాదాపు యాభై ఏళ్లు. సైన్యంలో ఎదిగిన దారి వదులుకోవాలంటే ఆయనకు మనసు ఒప్పలేదు. కాని మసీదులు కట్టే భాగ్యం దొరుకుతుందని ఒప్పుకున్నారు. అంత పదవిలో కూర్చున్న మనిషి ఇస్తాంబుల్‌లో మొదట కట్టింది ఏమిటనుకున్నారు? సులేమాన్ భార్య హుర్రం పేర ఒకే గుమ్మటంతో చిన్న మసీదు. దాని పక్కన బడి, పేదలకు అన్నం పెట్టే వంటశాల, తరువాత ఆసుపత్రి వచ్చాయి.

ఇక్కడ గుమ్మటం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గుమ్మటం బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపుడును ఆపలేకపోతే గోడలు విచ్చుకుంటాయి. 537లో పూర్తయిన హగియా సోఫియా గుమ్మటం 558లో అలాగే భూకంపాల తరువాత కూలి, మళ్లీ కట్టబడింది. సినాన్‌కు ఇంటి ముందే ఉన్న పెద్ద పాఠం ఆ కట్టడమే. రాజకుమారుడు మెహమెద్ 1543లో చనిపోతే ఆయన పేర కట్టిన షెహజాదా మసీదులో సినాన్ ఈ లెక్కను తన పద్ధతిలో వేశారు. నడుమ 19 మీటర్ల గుమ్మటం, నాలుగు పక్కలా నాలుగు అర గుమ్మటాలు ఆనించారు. అన్ని పక్కలా సమంగా ఆపు దొరికింది. 1548లో పూర్తయింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆయన మాత్రం దానిని తన శిష్యరికపు పనిగా లెక్కగట్టారని ప్రతీతి. యాభై ఎనిమిదేళ్ల వయసులో! లోపలి నాలుగు పెద్ద స్తంభాలు నమాజు చేసేవారికి అడ్డుగా ఉన్న మాట నిజమే.

1550లో మొదలై 1557లో ముగిసిన సులేమానియా మసీదులో గుమ్మటం 26 మీటర్లు దాటింది, ఎత్తు 53 మీటర్లు. అది నడిమి పనివాడి పనిగా లెక్క. దాని కూలి లెక్కల పుస్తకాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ముస్లిం కూలీలు, క్రైస్తవ మేస్త్రీలు కలిసి పనిచేసినట్లు వాటిలో కనిపిస్తుంది.

అన్నీ గెలుపులే అనుకోవద్దు. ఇస్తాంబుల్‌కు నీళ్లు తెచ్చే కిర్క్‌చెష్మే కాలువల పని నడుస్తుండగా 1563లో పెద్ద వరద వచ్చి, కట్టిన నీటి వంతెనలు కొట్టుకుపోయాయి. డెబ్బై దాటిన ఆ మనిషి మళ్లీ కట్టించారు. మాగ్లోవా నీటి వంతెన నేటికీ నిలిచి ఉన్నది. మసీదులకంటే ఆ వంతెనే ఆయన గొప్ప పని అనేవాళ్లు ఉన్నారు. దాహం ఎరిగినవాళ్లం కనుక మేమూ కాదనలేము.

1568లో ఎదిర్నే పట్నంలో సలీమియా మసీదు మొదలైంది. అప్పటికి ఆయనకు ఎనభై దగ్గర. ఈసారి ఎనిమిది స్తంభాలను గోడల వైపు జరిపారు. లోపల అడ్డు లేదు, 31 మీటర్ల పైచిలుకు గుమ్మటం కింద అంతా ఒకే పెద్ద గది. షెహజాదాలో మిగిలిన లోపం ఇరవై ఏళ్ల తరువాత ఇక్కడ తీరింది. దీనిని ఉస్తాదు పని అన్నారు. హగియా సోఫియాను మించిపోయానని కూడా సినాన్ చెప్పుకున్నారు. కొలిచి చూస్తే వెడల్పులో రెండూ ఇంచుమించు సమానం, ఎత్తులో హగియా సోఫియాదే పైచేయి. పెద్దవాళ్లు కూడా కాస్త ఎక్కువ చెప్పుకుంటారు, ఏం చేస్తాం! కట్టించిన రెండవ సలీం సుల్తాను 1574 డిసెంబరులో, మసీదు తెరవకముందే చనిపోయారు. 2011లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది.

ముగ్గురు సుల్తానుల కింద సుమారు యాభై ఏళ్లు, మూడు వందలకు పైగా కట్టడాలు. 1588లో కన్నుమూశారు. మన చార్మినార్ కట్టింది ఆ తరువాత మూడేళ్లకు, 1591లో. సులేమానియా పక్కన గోడ మూలన తానే కట్టుకున్న చిన్న సమాధిలో ఆయన ఉన్నారు. దారిన పోయేవారు తాగడానికి నీళ్లిచ్చే చోటు దాని పక్కనే పెట్టించారు.

ఆయన దగ్గర పని నేర్చినవారిలో మెహమెద్ ఆగా ఒకరు. ఈయన మొదట సంగీతం నేర్చి, అది వదిలేసి, ముత్యపుచిప్పలు పొదిగే పనిలోకి వచ్చి, అక్కడినుండి కట్టడాల వైపు మళ్లిన మనిషి. ఇస్తాంబుల్ పోయినవారందరూ చూసి వచ్చే సుల్తాన్ అహ్మద్ మసీదును, అంటే నీలి మసీదును, 1609లో మొదలుపెట్టింది ఆయనే.