ఎర్నెస్ట్ వార్థర్

ఎర్నెస్ట్ వార్థర్ (అక్టోబరు 30, 1885 - జూన్ 8, 1973) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన చెక్కడపు కళాకారుడు. మూనీ వార్థర్ అనే పేరుతో ప్రసిద్ధుడు. రెండవ తరగతితోనే చదువు ఆగిపోయిన ఇతడు, చిన్న కత్తితో కర్రలు చెక్కే కాలక్షేపాన్ని జీవితకాలపు సాధనగా మలచుకొని, ఆవిరి యంత్రాల చరిత్ర మొత్తాన్ని కర్రలోను, ఎముకలోను, దంతంలోను చెక్కి చూపాడు.

తెలుగునాట కర్ర చెక్కడం ప్రధానంగా జీవనోపాధిగా సాగింది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు, బందరు, పెడన ప్రాంతాలలో కలంకారీ అద్దకానికి టేకుచెక్క అచ్చులు చెక్కే పనివారు ఆ విద్యను తరతరాలుగా నేర్చుకొన్నవారే. అమెరికా పల్లెలలో దీనికి మరొక రూపం ఉండేది. జేబులో పట్టే మడతకత్తితో, దొరికిన పుల్లను ఏదో ఒక ఆకారంగా చెక్కుతూ పొద్దుపుచ్చడం అక్కడి పిల్లలకు, పనివారికి అలవాటు. దానికి గురువు లేడు, కూలి లేదు. వార్థర్ ఈ కోవకు చెందినవాడు.

బాల్యం

వార్థర్ ఒహాయోలోని డోవర్ పట్టణంలో, స్విట్జర్లాండు నుండి వలస వచ్చిన దంపతులకు జన్మించాడు. మూడేళ్ళ వయసులోనే తండ్రి మరణించాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి అయిదుగురు పిల్లలను పోషించింది. ఎర్నెస్ట్ అయిదేళ్ళ వయసునుండే ఇరుగుపొరుగువారి ఆవులను మేతకు తోలుకుపోయి, ఆవుకు రోజుకు ఒక సెంటు చొప్పున సంపాదించేవాడు. మూనీ అనే పేరు కూడా ఆ రోజులలో వచ్చినదే. మందలోని ఎద్దును సూచించే స్విస్ మాట దానికి మూలం. అలా ఆవులను తోలుకుపోతున్న సమయంలోనే మట్టిదారిలో పడి ఉన్న ఒక చిన్న కత్తి అతడికి దొరికింది. ఆనాటి నుండి చెక్కడం మొదలుపెట్టాడు.

పటకార్లు

ఒకనాడు ఊరూరూ తిరిగే ఒక దేశదిమ్మరి, చిన్న కర్రముక్కను పది కోతలతో పటకారుగా మార్చి ఈ బాలునికి చూపించాడు. ఇందులో రెండు ముక్కలను కలపడం ఉండదు. మేకు, జిగురు అవసరం లేదు. నడుమ కీలు భాగాన్ని ఒకే కర్రలోపల సన్నని కత్తిమొనతో విడదీస్తారు. కోతలన్నీ సరిగా పడితే రెండు పిడులూ విచ్చుకొని పటకారు ఆడుతుంది. ఒక్క కోత తప్పితే కర్ర చీలిపోతుంది. వార్థర్ ఈ కిటుకును పట్టుబట్టి నేర్చుకొన్నాడు. తరువాతి కాలంలో చూడవచ్చిన పిల్లలకు కొన్ని సెకన్లలో ఒక పటకారు చెక్కి ఉచితంగా ఇచ్చేవాడు. ఇలా జీవితకాలంలో లక్షల సంఖ్యలో పంచిపెట్టాడని చెబుతారు.

అయితే అతడు అక్కడితో ఆగలేదు. పటకారు పిడులు రెండింటినీ మళ్ళీ పటకార్లుగా, వాటి పిడులను ఇంకా చిన్న పటకార్లుగా చెక్కుతూపోతే ఏమవుతుందని ఆలోచించాడు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ తొమ్మిది వరుసలు పెరిగితే మొత్తం 511 అవుతాయి. 1913లో ఒకే అక్రోటు కర్రదిమ్మెలో సుమారు 31,000 కోతలతో ఆ 511 పటకార్ల వృక్షాన్ని పూర్తిచేశాడు. కొమ్మలన్నీ ముడిస్తే అది తిరిగి దిమ్మెగా మారుతుంది. దీనిని 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఉంచారు.

ఆవిరి యంత్రాలు

పద్నాలుగేళ్ళ వయసులో డోవర్‌లోని ఉక్కురేకుల కర్మాగారంలో కూలిగా చేరిన వార్థర్ 23 సంవత్సరాలు అక్కడే పనిచేశాడు. 1910లో ఫ్రీడా రిచర్డ్‌ను వివాహమాడాడు. వీరికి అయిదుగురు సంతానం. ఇంటి పక్కన ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల కొట్టంలో, పని లేని వేళల చెక్కుతుండేవాడు.

పటకార్ల వృక్షం తరువాత అతని దృష్టి ఆవిరి యంత్రాల మీదకు మళ్ళింది. ప్రాచీన అలెగ్జాండ్రియాకు చెందిన హీరో యంత్రంతో మొదలుపెట్టి తన కాలపు భారీ రైలింజన్ల దాకా వరుసగా చెక్కాడు. మొత్తం నమూనాలు 64. తొలి రోజులలో అక్రోటు కర్ర, పశువుల ఎముక వాడాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తరువాత ఎబొనీ అనే నల్లచేవ కర్ర, ఏనుగుదంతం వాడాడు (దంతాల అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధం 1989లో గాని రాలేదు). కొన్ని నమూనాలలో ఏడు వేలకు పైగా విడిభాగాలున్నాయి. చక్రాలు, కడ్డీలు నిజమైన ఇంజనులో వలెనే కదులుతాయి. తాను పనిచేసిన కర్మాగారాన్ని కూడా తోటి కూలీలతో సహా కదిలే బొమ్మలుగా చెక్కడం విశేషం.

1923లో న్యూయార్క్ సెంట్రల్ రైల్వే సంస్థ ఇతనిని పనిలోకి తీసుకొని, ఆ నమూనాలను ఊరూరా ప్రదర్శించింది. న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో అవి రెండున్నరేళ్ళు ఉన్నాయి. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ మొత్తం సేకరణకు 75,000 డాలర్లు ఇవ్వజూపాడు. అప్పట్లో అది మామూలు కూలివానికి ఒక జీవితకాలంలో అందని మొత్తం. వార్థర్ నిరాకరించాడు. తన ఇంటికప్పు కారడం లేదని, ఇంట్లో ఎవరూ పస్తులుండడం లేదని, ఎవరికీ బాకీ లేదని అతడు కారణం చెప్పాడు. చెక్కినదేదీ అమ్మరాదన్న నియమాన్ని చివరివరకు పాటించాడు. బట్టలుతికి బ్రతికిన ఇంటిలో పుట్టినవాడు ఈ మాట అన్నాడని గుర్తుంచుకోవాలి.

కత్తుల తయారీ

అతనికి కూడు పెట్టినది కత్తులే. బజారు కత్తులు తన పనికి చాలక, అలుగులు మార్చుకోగల కత్తిని స్వయంగా తయారుచేసుకొన్నాడు. 1902లో తల్లికి చేసి ఇచ్చిన వంటింటి కత్తి ఇరుగుపొరుగుకు నచ్చడంతో అదే వ్యాపారమయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు వెయ్యికి పైగా కత్తులు చేశాడు.

చివరి రోజులు

1936లో ఇంటివద్దనే ప్రదర్శనశాల ప్రారంభించాడు. భార్య ఫ్రీడా సేకరించిన 73,000కు పైగా గుండీలు కూడా రకరకాల అల్లికలుగా అమర్చి అక్కడ ఉన్నాయి. ఎనభై ఏళ్ళ వయసులో, 1965లో, అబ్రహాం లింకన్ అంతిమయాత్ర రైలును ఎబొనీ, దంతాలతో చెక్కాడు. 87వ ఏట డోవర్‌లో మరణించేనాటికి లేడీ బాల్టిమోర్ అనే ఇంజను నమూనా ఇంకా సగంలోనే ఉంది. దానిని అలాగే ప్రదర్శనలో ఉంచారు.