వేడిని కూడా తోడవచ్చన్న కెల్విన్



చలికాలం వచ్చిందంటే నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా స్కూలు బస్సు వేళకు ఇంటింటా ఒకటే హడావుడి: పిల్లల స్నానానికి ఉడుకు నీళ్లు. ఇళ్లను వెచ్చబెట్టుకోవలసినంత చలి మనకు లేదు గానీ, గ్యాస్ గీజరు కొనాలా, హీట్ పంపు కొనాలా అన్న ప్రశ్న మన దాకా వచ్చింది. ఆ హీట్ పంపు వెనుక మీ పిల్లల ఫిజిక్స్ పుస్తకంలోని ఒక పేరుంది.

విలియం థామ్సన్ 1824లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. ఆరేళ్లకే తల్లి పోయింది. లెక్కల ప్రొఫెసరైన తండ్రే చదువు చెప్పారు. పదేళ్లకే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరారు. (మీ అబ్బాయితో పోల్చకండి, ఆ రోజుల్లో అక్కడ చిన్నపిల్లలకూ చోటుండేది.) 22 ఏళ్లకు అక్కడే ప్రొఫెసరై, 53 ఏళ్లు పాఠం చెప్పారు. 1848లో పరమ ఉష్ణోగ్రతా మానాన్ని ప్రతిపాదించారు. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేయడంలో పాలుపంచుకుని 1866లో సర్ అయ్యారు. 1892లో బిరుదు వచ్చినప్పుడు, యూనివర్సిటీ పక్కన పారే కెల్విన్ వాగు పేరునే పెట్టుకున్నారు.

మనకు కావలసింది ఆయన 1852లో రాసిన వ్యాసం. బొగ్గును నేరుగా గదిలో కాల్చడం దుబారా అని ఆయన లెక్క వేసి చూపారు. అదే బొగ్గుతో ఒక యంత్రం నడిపి, బయటి చల్లగాలిలో ఉన్న వేడినే లోపలికి తోడితే ఎక్కువ వెచ్చదనం దక్కుతుందన్నారు. చల్లగాలిలో వేడేమిటి అంటారా? మీ ఫ్రిజ్ వెనుక చెయ్యి పెట్టి చూడండి. లోపలి వేడిని తోడి బయట పోస్తున్నది ఆ యంత్రమే. అప్పట్లో బొగ్గు చవక కనుక ఇళ్లకు ఆ పద్ధతి రాలేదు. కెల్విన్ 1907లో కన్నుమూశారు. 1938లో జ్యూరిక్ నగర భవనాన్ని పక్కనున్న నది నీటి వేడితో వెచ్చబెట్టారు.

ఇక మన లెక్క. 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కు తేవడానికి మామూలు కరెంటు గీజరుకు సుమారు 2.3 యూనిట్లు కావాలి. ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల వేడి ఇచ్చే హీట్ పంపుకు 0.8 చాలు. గ్యాస్ అయితే పావు కిలోకు కాస్త తక్కువ. మన చలికాలపు గాలి కూడా యూరప్ గాలి కంటే వెచ్చన, అందుకే ఈ యంత్రానికి ఇక్కడ పని సులువు. అయితే ధర చాలా ఎక్కువ, నీళ్లు కాగడానికి గంటలు పడుతుంది, పెట్టడానికి బాల్కనీయో డాబానో కావాలి. బోరు నీళ్ల ఉప్పు పేరుకోకుండా చూసుకోవాలి. ఇద్దరు ముగ్గురే ఉన్న అద్దె ఇంటికి నా మటుకు దాన్ని సిఫారసు చేయను.

గ్యాస్ గీజరు చవక, వెంటనే నీళ్లిస్తుంది. కానీ మూసిన బాత్రూంలో అది ప్రాణవాయువును తినేసి, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. లోపల స్నానం చేస్తున్న బిడ్డకు ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు. మీ ఇంట్లో అది బాత్రూం లోపల ఉంటే, హీట్ పంపు సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు దాన్ని గాలి ఆడే చోటికి, బయటికి మార్పించండి.