కొబ్బరి చెట్ల తెగులును హెలికాప్టర్ నుంచి పట్టేశారు.. ఎవరీ పిషారోటి?

వరద వచ్చిన ప్రతిసారీ టీవీలో ఓ శాటిలైట్ మ్యాప్ కనిపిస్తుంది. ఏ ఊరు మునిగింది, నీళ్లు ఎంతదాకా వచ్చాయి అన్నీ అందులో ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కూడా చూశాం. ఇలాంటి మ్యాపులు తయారు చేసేది హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. కానీ మన దేశంలో ఈ పని మొదలైంది వరదతో కాదు, కేరళ కొబ్బరి తోటలతో. మొదలుపెట్టిన పెద్దాయన పేరు పి.ఆర్. పిషారోటి.

1909లో కేరళలోని కొల్లంగోడ్‌లో పుట్టారు. మద్రాస్ లయోలా కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పేవారు. వేసవి సెలవులొస్తే బెంగళూరు వెళ్లి సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసేవారు. సెలవుల్ని ఇలా కూడా గడపొచ్చన్నమాట! 1942లో వాతావరణ శాఖలో చేరారు. తర్వాత అమెరికా వెళ్లి డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1962లో పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ పెట్టినప్పుడు తొలి డైరెక్టర్ ఆయనే. 1967లో రిటైర్ అయ్యారు.

మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ విక్రమ్ సారాభాయ్ ఆయన్ని అహ్మదాబాద్ రప్పించారు. 58 ఏళ్ల వయసులో మళ్లీ కొత్త సబ్జెక్ట్! అప్పటికి మనకు సొంత శాటిలైట్ ఒక్కటి కూడా లేదు. ఆర్యభట్ట ఎగిరింది 1975లో.

ఆ రోజుల్లో కేరళ కొబ్బరి రైతును రూట్ విల్ట్ అనే తెగులు పీడిస్తోంది. ఈ తెగులుతో చెట్టు వెంటనే చచ్చిపోదు. ఆకులు వాలిపోయి, కాపు ఏటికేడు తగ్గిపోతుంది. పైగా మందు లేదు. ఎక్కడిదాకా పాకిందో తెలియాలంటే తోట తోటా తిరిగి చూడాల్సిందే. పిషారోటి టీమ్ 1970 ప్రాంతంలో హెలికాప్టర్ ఎక్కి, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వేసిన కెమెరాతో పైనుంచి తోటల్ని ఫొటోలు తీసింది.

ఇందులో కిటుకు ఏంటంటే.. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. జబ్బు పడితే అది తగ్గుతుంది. అందుకే ఆ ఫిల్మ్‌లో మంచి చెట్టు ఎర్రగా కనిపిస్తే, తెగులు చెట్టు రంగు మారిపోతుంది. కింద నిలబడి చూస్తే రెండూ పచ్చగానే అనిపించొచ్చు. భారత్‌లో రిమోట్ సెన్సింగ్‌కు తొలి ప్రయోగంగా దీన్నే చెప్పుకుంటారు. ఆయన్ని ఈ రంగానికి పితామహుడు అనేదీ అందుకే.

1970లోనే పద్మశ్రీ వచ్చింది. 1974లో హైదరాబాద్‌లో రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పాటైంది. 1988 మార్చిలో భూమిని ఫొటోలు తీసే మన ఐఆర్ఎస్-1ఏ శాటిలైట్ కక్ష్యలోకి చేరేసరికి పిషారోటికి 79 ఏళ్లు. హెలికాప్టర్ నుంచి చూసిన ఆ ఇన్‌ఫ్రారెడ్ తేడానే దాని కెమెరాలూ చూశాయి, కాకపోతే 900 కిలోమీటర్ల పైనుంచి. ఇక వరద టైమ్‌లో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి రాడార్ శాటిలైట్లు వాడుతున్నారు. కదలకుండా నిలిచిన నీరు రాడార్ తరంగాల్ని పక్కకు నెట్టేస్తుంది. అందుకే చిత్రంలో మునిగిన చోటు నల్లగా కనిపిస్తుంది.

2002 సెప్టెంబర్‌లో పుణెలో పిషారోటి కన్నుమూశారు. ఆయన లెక్క ఒకటి నీటి నిపుణులు ఇప్పటికీ చెబుతుంటారు. ఏడాదికి 8,760 గంటలు. అందులో మన దేశంలో చాలా చోట్ల వాన కురిసేది మహా అయితే 100 గంటలు. ఆ కాసేపట్లో పడ్డ నీటిని ఊళ్లోనే ఆపుకోవాలి, చెరువుల్ని కాపాడుకోవాలి అని ఆయన గట్టిగా వాదించేవారు. ఇప్పుడు ఏ చెరువులో నీళ్లున్నాయో, ఏది ఎండిందో శాటిలైట్లు పైనుంచి చూసి చెప్పేస్తున్నాయి.