ఆపిల్ పుట్టిల్లు చెప్పిన వావిలోవ్

నాకు తెలిసిన ఒక శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను.

పోయిన ఏడాది సైన్సు మేడం మమ్మల్ని సికింద్రాబాద్ తీసుకుపోయారు. స్టేషన్ బయట బండి మీద ఆపిల్ పండ్లు కొని తలా ఒక ముక్క ఇచ్చారు. ఈ చెట్టు ఏ అడవిది మేడం అని అడిగాను. అప్పుడు చెప్పిన పేరే వావిలోవ్.

నికొలాయ్ వావిలోవ్ 1887లో మాస్కోలో పుట్టారు. జనం ఆకలి తీరాలంటే మంచి విత్తనం కావాలని, దాని కోసం పంటల తాతముత్తాతలు ఏ అడవిలో ఉన్నాయో వెతకాలని అనుకున్నారు. ఎన్నో దేశాలు తిరిగి విత్తనాలు తెచ్చి లెనిన్‌గ్రాడ్‌లో దాచారు. 1929లో కజకిస్తాన్‌లోని ఆల్మా-ఆటా కొండలకు పోయారు. అక్కడ అడవి ఆపిల్ చెట్లు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒక్కో చెట్టు కాయ ఒక్కో రకం. ఆపిల్ పుట్టిల్లు ఇదేనని చెప్పారు.

అది కంటితో చూసి చెప్పిన మాట. మా కోయల్లో గట్టు అడిగితే ఎవరు ఎవరికి అన్నదమ్ములో తెలుస్తుంది. చెట్టును అడగలేము కదా! అందుకే ఆకులోని డీఎన్ఏ చూస్తారు. తల్లి చెట్టు నుండి పిల్ల చెట్టుకు వచ్చే గుర్తులు అందులో ఉంటాయి. వాటిని పోల్చి, మనం తినే ఆపిల్‌కు ముఖ్యమైన మూలం ఆ కొండల అడవి ఆపిలేనని 2010లో తేల్చారు.

ఆ మాట వినడానికి వావిలోవ్ లేరు. వంశపారంపర్య శాస్త్రం తప్పు అన్న లైసెంకో మాటనే స్టాలిన్ ప్రభుత్వం నమ్మింది. వావిలోవ్ ఒప్పుకోలేదు. 1940లో జైల్లో పెట్టారు. 1943 జనవరి 26న సరాటోవ్ జైల్లో తిండి లేక చనిపోయారు. ఆ యుద్ధంలోనే లెనిన్‌గ్రాడ్‌ను శత్రువులు చుట్టుముట్టారు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళు కొందరు ఆకలితో చనిపోయారు గానీ విత్తనాలు తినలేదు.

ఇది విని నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. నేను మూడో తరగతిలో ఉండగా ఒక వానకాలం ఇంట్లో గింజ లేదు. దూలానికి కట్టిన సొరబుర్రలో మాత్రం జొన్న విత్తనాలు ఉన్నాయి. వండమని ఏడ్చాను. నాయనమ్మ వండలేదు. అడవిలో గడ్డలు తవ్వి తెచ్చి ఉడకబెట్టింది. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు కోపం లేదు, కానీ నాయనమ్మ కూడా లేదు. మా నాన్న కొట్లో విత్తనాలు కొంటున్నాడు. ఆ జొన్న మా ఊళ్ళో ఇంకా ఎవరింట్లో ఉందో దసరా సెలవుల్లో అడుగుతాను. మీరూ మీ ఇళ్ళల్లో అడిగి రండి. వచ్చాక అందరం కలిసి ఈ గోడ మీదనే రాద్దాం.