జాన్ కేడ్: గినీ పందులు చూపిన దారి.. మేనియాకు దొరికిన మందు

రాత్రంతా నిద్ర లేదు. ఆపకుండా మాటలు. చేతిలో డబ్బంతా ఖర్చు. ఇంట్లో మనిషి ఇలా మారిపోతే గాలి సోకిందనో, బాణామతి చేశారనో అనుకునేవాళ్లు పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. తాయెత్తులు, మంత్రాలు అన్నీ అయ్యాక చివరికి ఎర్రగడ్డ ఆస్పత్రికి బయల్దేరతారు. నిజానికి ఇది బైపోలార్ డిజార్డర్‌ లక్షణం కావొచ్చు. ఆ జబ్బుకు డాక్టర్లు రాసే ముఖ్యమైన మందుల్లో లిథియం ఒకటి. దాని వెనక ఉన్న మనిషే ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్.

కేడ్ 1912 జనవరి 18న విక్టోరియా రాష్ట్రంలోని ముర్టోవాలో పుట్టారు. తండ్రి కూడా డాక్టరే. ఆయన మానసిక ఆస్పత్రుల్లో పనిచేయడంతో కేడ్ బాల్యం ఆ ఆవరణల్లోనే, రోగుల మధ్యే గడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి, సింగపూర్‌లోని చాంగీ శిబిరంలో మూడున్నరేళ్లు బందీగా ఉన్నారు.

తిరిగొచ్చాక మెల్‌బోర్న్ శివారు బండూరా ఆస్పత్రిలో చేరారు. వాడకుండా వదిలేసిన చిన్న వంటగదే ఆయన ల్యాబ్. ఒంట్లో ఏదో పదార్థం ఎక్కువై మేనియా వస్తోందేమో అన్నది ఆయన అనుమానం. అలాగైతే అది మూత్రంలో బయటపడాలి కదా! రోగుల మూత్రాన్ని ఇంటి ఫ్రిజ్‌లో దాచి మరీ గినీ పందులకు ఎక్కించారు. యూరిక్ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదని దాని లిథియం లవణం వాడారు. ఆ తర్వాత లిథియం ఒక్కటే ఇచ్చి చూశారు. రెండు గంటలు దాటాక వింత జరిగింది. వెల్లకిలా పడుకోబెడితే గిలగిలా కొట్టుకునే జీవాలు, కదలకుండా ప్రశాంతంగా చూస్తూ ఉండిపోయాయి!

మందు ముందు తానే మింగి చూశారు కేడ్. 1948 మార్చి 29న మొదటి రోగికి ఇచ్చారు. వయసు 51, ఐదేళ్లుగా మేనియాతో బాధపడుతున్న వ్యక్తి. జులై నాటికి ఇంటికెళ్లి, మళ్లీ పనిలో చేరాడు. అయితే బాగైపోయిందని మందు మానేశాడు. కొన్ని నెలలకే మళ్లీ వార్డుకు వచ్చాడు. 1950లో ఒంట్లో లిథియం విషంగా మారి చనిపోయాడు.

10 మంది మేనియా రోగుల ఫలితాలను కేడ్ 1949 సెప్టెంబర్‌లో ప్రచురించారు. 1954లో డెన్మార్క్‌ డాక్టర్ మోగెన్స్ షౌ బృందం పరీక్షించి, మందు పనిచేస్తుందని తేల్చింది. అమెరికా 1970లో అనుమతి ఇచ్చింది. కేడ్ 1980 నవంబర్ 16న కన్నుమూశారు.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఆ గినీ పందులది ప్రశాంతత కాకపోవచ్చని, డోసు ఎక్కువై మత్తుగా పడి ఉండొచ్చని తర్వాతి శాస్త్రవేత్తలు అన్నారు. అంటే జంతువు ప్రవర్తన దారి చూపింది, అంతే. మందు పనిచేస్తుందని తేలింది రోగులను దగ్గరుండి గమనించాకే.

మొదటి రోగి కథ ఇప్పటికీ పాఠమే. బాగుందని లిథియం సొంతంగా మానేయొద్దు. రక్తంలో లిథియం స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు తప్పనిసరి. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గితే లిథియం స్థాయి పెరుగుతుంది. అందుకే వేసవిలో నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మానసిక సమస్యలపై సలహా కోసం టెలీ మానస్ ఉచిత నంబర్ 14416కి కాల్ చేయొచ్చు.