వాలేస్ సేబైన్

గానము గాని, ప్రసంగము గాని శ్రోతలకు ఇంపుగా వినబడవలెనన్నచో గొంతు మంచిదైన చాలదు. అది వినబడు మందిరమును మంచిదై యుండవలెను. కట్టబోవు మందిరమున ధ్వని తేటగా వినబడునో చెడిపోవునో ముందుగా ఎవ్వరును చెప్పజాలని కాలమొకటి యుండెను. ఆ కొఱతను తీర్చినవాడు వాలేస్ క్లెమెంట్ సేబైన్.

సేబైన్ 1868వ సంవత్సరము జూన్ 13వ తేదీన అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రమునందలి రిచ్‌వుడ్ అను ఊరిలో జన్మించెను. పదునెనిమిదవ యేటనే పట్టభద్రుడై, హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చేరి, పిదప అచ్చటనే భౌతికశాస్త్రోపాధ్యాయుడాయెను.

1895లో ఆ విశ్వవిద్యాలయమున ఫాగ్ కళామందిరము వెలసెను. అందలి ఉపన్యాసశాల చూపునకు సుందరమే గాని, వినికిడికి నిరుపయోగము. పలికిన మాట యించుమించు అయిదున్నర సెకండ్లు గోడలనడుమ తిరుగాడుచుండెను. మొదటి అక్షరము అణగునంతలో పండ్రెండు పదునైదక్షరములు దానిపై బడి గందరగోళమగుచుండెను. దీనిని చక్కజేయుమని విశ్వవిద్యాలయాధ్యక్షుడైన ఎలియట్, ఇరువదియేడేండ్ల సేబైనును కోరెను. ఆ పని అసాధ్యమని పెద్దలే తలంచుచుండిరి.

పగటివేళ వీథులలో ట్రాము బండ్ల రొద. కావున సేబైన్ నడిరేయి పరిశోధన ప్రారంభించెడివాడు. వేఱొక నాటకశాలలోని ఆసనముల మెత్తలను సహాయకులతో మోయించి తెచ్చి శాలలో పఱపించును; ఆర్గన్ గొట్టమును మ్రోగించి ఆపును; నాదము పూర్తిగా అణగుట కెంతకాలము పట్టెనో కొలుచును; మఱికొన్ని మెత్తలు చేర్చి మరల కొలుచును. తెల్లవాఱునప్పటికి మెత్తలన్నియు యథాస్థానము చేరవలెను. ఇట్లు రెండేండ్లకు పైగా శ్రమించెను.

ఒకమాఱు తాను ధరించిన దుస్తులుకూడ ధ్వనిని కొంత పీల్చుచున్నవని ఆయన గ్రహించెను. అంతవఱకు చేసిన వేలకొలది కొలతలను వ్యర్థములని త్రోసివైచి, ఎల్లపుడు ఒకే విధమైన దుస్తులు ధరించి, పని మొదటినుండి చేసెను.

1898లో ఆయన శ్రమ ఫలించెను. శాల యెంత విశాలమైన ప్రతినాదము అంత దీర్ఘమగును. అందలి వస్తువులు ధ్వని నెంత యెక్కువగా పీల్చిన అది అంత కుఱుచయగును. ఈ సంబంధమును ఆయన గణితసూత్రముగా నిరూపించెను. గోడలకు ఫెల్టు అతికింపగా ఆ యుపన్యాసశాల ఉపయోగమునకు వచ్చెను.

అప్పుడు బోస్టన్ నగరమున గొప్ప సంగీతమందిరము నిర్మింపనుండిరి. లైప్‌జిగ్ నగరములోని ప్రసిద్ధ మందిరమునే పెద్దదిగా కట్టవలెనని తలంపు. అట్లు పెంచినచో ప్రతినాదమును మితిమీఱునని సేబైన్ లెక్కించి చూపి, కొలతలను మార్పించెను. 1900 అక్టోబరు 15వ తేదీన తెఱవబడిన ఆ మందిరమును మొదట కొందఱు విమర్శించిరి. కాలక్రమమున అది ప్రపంచమునందలి ఉత్తమ సంగీతమందిరములలో నొకటిగా కీర్తి నందెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున విశ్రాంతి యెఱుంగక పనిచేసి, ఆరోగ్యము చెడి, 1919 జనవరి 10వ తేదీన తన యేబదవ యేట సేబైన్ మరణించెను. ధ్వనిశోషణమును కొలుచు ప్రమాణమునకు ఆయన పేరిట సేబిన్ అని పేరిడిరి.

ఖాళీ శాలలో లౌడ్‌స్పీకరు మాట బొంగురుపోయి, అదే శాల జనముతో నిండినపుడు తేటపడుట మన మెఱిగినదే. జనుల దుస్తులే అచ్చట మెత్తల పని చేయుచున్నవి. యంత్రము ఎంత మేలైనదైనను, గదిని బట్టియే దాని ధ్వని. ఈ సత్యమును కనుగొన్న సేబైనునకు తోడ్పడినవి గొప్ప పరికరములు కావు. ఓర్పును, తన తప్పును తానే దిద్దుకొను నిజాయితీయును.